‘ఉత్ప్రేరకము’ - అర్థవిచారము

సముద్రతీరమందలి రామాయపట్నమున చమురుశుద్ధి కర్మాగారము ప్రతిపాదింపబడినది. అట్టి పరిశ్రమకు ప్రాణమగు ‘ఉత్ప్రేరకము’ను బోధించుటలో రెండు పొరపాట్లు కలుగుచున్నవి.

పదమునుబట్టి దానిని పురికొల్పునదిగా భావించుట మొదటిది. అది చర్యకు తక్కువ శక్తి చాలు వేఱొక మార్గమును కల్పించును, సమతాస్థితిని మార్పజాలదు. 1835లో బెర్జీలియస్ గ్రహించిన గ్రీకు మూలపదమునకు విడివడుట యని యర్థము.

తాను మార్పు చెందదనుట రెండవది. 1957లో నెలకొన్న విశాఖపట్టణపు కర్మాగారమున భారతైలములను ఛేదించుటకు జియోలైటు చూర్ణమును వాడుదురు. జియోలైటును మట్టితోను బంధకముతోను నీట కలిపి, వేడిగాలిలోనికి చిమ్మి యెండించినచో అట్టి చూర్ణమగును. క్షణములలో దానిపై బొగ్గు పేరుకొని శక్తి నశించును. ఆ బొగ్గును గాలిలో కాల్చగా శక్తి మరలును. పుట్టిన వేడి ఛేదనమునకే వినియోగపడును. తైలమందలి నికెలు, వనాడియములు మాత్రము దానిని శాశ్వతముగా చెఱచును.

కావున ‘వ్యయము కానిది’ అను నిర్వచనముతో నాగక, అది అలసి, కోలుకొని, తుదకు జీర్ణించునని విద్యార్థికి తెలుపవలెను.