పచ్చడి మనది... పార్సిల్ వాళ్లది!

ఆవకాయ కలుపుతూ సరదాగా ఓ రీల్ పెట్టారు. అది కాస్తా వైరలైంది. రోజుకి అయిదు ఆర్డర్లు వచ్చేచోట యాభై వస్తున్నాయి. ఇక చూడండి... హాలు నిండా అట్టపెట్టెలు, చేతులకి టేపు ముక్కలు, సాయంత్రమైతే కొరియర్ ఆఫీసులో పడిగాపులు. మరి పచ్చడి కలిపేదెప్పుడు?

ఇదిగో, ఇక్కడే అక్కరకొస్తుంది థర్డ్ పార్టీ లాజిస్టిక్స్. పొట్టిగా త్రీపీఎల్. సరుకు నిల్వ, ప్యాకింగ్, రవాణా, డెలివరీ, వెనక్కొచ్చిన పార్సిళ్ల సంగతి... వీటిలో కొన్నిటినో, అన్నిటినో బయటి సంస్థకి అప్పగించడమన్నమాట.

పెద్ద కంపెనీలకిది కొత్తేం కాదు. 2017 జులైలో జీఎస్టీ రాకముందు, పన్నుల లెక్క చూసుకుని చాలా కంపెనీలు రాష్ట్రానికో గోదాము పెట్టుకునేవి. ఆ అవసరం తీరాక కొద్దిపాటి పెద్ద గోదాములతోనే పని నడుస్తోంది. ఇప్పుడు చిన్న వ్యాపారులకీ ఆ సౌకర్యం ఫోన్‌లోకే వచ్చింది.

అయితే తొందరపడి ఓకే కొట్టకండి. ముందు లెక్క చూడండి.

బరువు ఒక్కటే కాదు, సైజూ ముఖ్యమే: పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, చాలా సంస్థలు 5,000తో భాగిస్తాయి. 30×25×20 పెట్టె అంటే 3 కిలోల కింద లెక్క! లోపల ఉన్నది కిలో పచ్చడే అయినా సరే. అదే సీసా 20×15×12 పెట్టెలో పడితే ఆ లెక్క 0.72 కిలోలే. అప్పుడు అసలు బరువుకే చార్జీ.

రిటర్నులు: క్యాష్ ఆన్ డెలివరీలో ‘వద్దులే’ అంటే పార్సిల్ తిరిగొస్తుంది. పోను 70, రాను 60 రూపాయలనుకుందాం. వందలో ఇరవై వెనక్కొస్తే 2,600 గోవిందా! పంపేముందు ఓ ఫోన్ చేసి అడ్రస్ ఖాయం చేసుకుంటే చాలావరకు మిగులుతుంది.

ఒప్పందం: సీసా పగిలితే ఎవరు కట్టాలి? ఎంతవరకు? వసూలైన డబ్బు ఎన్ని రోజులకి మన ఖాతాలో పడుతుంది? తిండి సరుకు నిల్వ ఉంచే గోదాముకి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు ఉందా? చేతులు కాలాక ఆకులు పట్టుకునే కన్నా ఇవన్నీ ముందే అడగడం మేలు.

మొత్తం ఒకేసారి ఇచ్చేయాలనీ లేదు. రవాణా మాత్రం వాళ్లకిచ్చి, ప్యాకింగ్ మీ దగ్గరే ఉంచుకోండి. ఓ నెల చూసి, నచ్చితే మిగతాది ఆలోచించొచ్చు.

ఒక్కటి మాత్రం ఎవరికీ అప్పగించకండి... కస్టమర్‌కి జవాబు చెప్పే పని. పార్సిల్ నాలుగు రోజులు ఆలస్యమైతే కొన్నవాళ్లు తిట్టేది లారీని కాదు, సీసా మీదున్న మీ పేరుని. ‘అది కొరియర్ వాళ్ల తప్పండీ’ అంటే వాళ్లు మళ్లీ ఆర్డర్ పెట్టరు. ‘నేను కనుక్కుని చెప్తానండీ’ అని, సాయంత్రంలోగా చెప్పి చూడండి. వచ్చే వేసవికి మాగాయ కూడా మీ దగ్గరే కొంటారు!