ధూళిముసుగు ధరించిన తారలు

సికిందరాబాదు ప్రక్కనున్న బేగంపేటలో పూర్వము నిజామియా వేధశాల పనిచేయుచుండెడిది. నవాబు జఫర్ జంగ్ అను జ్యోతిశ్శాస్త్రప్రియుడు తెప్పించిన 15 అంగుళముల దూరదర్శిని దాని ప్రధాన సంపద. ఆయన మరణానంతరము 1908లో నిజాము ప్రభుత్వము ఆ వేధశాలను స్వీకరించెను; 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరెను. టి. పి. భాస్కరన్ అధిపతిగా నున్న కాలమున అచ్చటి పరిశీలకులు చరకాంతి తారలను, అనగా వెలుగు హెచ్చుచు తగ్గుచుండు తారలను, చూచుచుండిరి. పని చూపునకు సులభమే. తారను దాని ప్రక్కనున్న, వెలుగు తెలిసిన తారలతో పోల్చి పుస్తకమున వ్రాసికొనవలెను. కాని ఒక్క తార కథ తెలియవలెనన్న ఏండ్ల తరబడి అట్లు వ్రాయుచుండవలెను. ఆ వేధశాల ఉద్యోగి కుమారుడగు వైను బప్పు విద్యార్థిగా నున్నప్పుడే ఇట్టి తారల పరిశీలనకు పూనుకొనెను. తమిళనాడులోని కావలూరు వేధశాలకు నేడు అతని పేరే పెట్టియున్నారు.

ఈ తారలలో మిక్కిలి ప్రసిద్ధమైనది మీరా. ఆ పేరునకు లాటిను భాషలో 'అద్భుతమైనది' అని యర్థము. 1596లో డేవిడ్ ఫాబ్రిసియస్ దీనిని గుర్తించెను. సుమారు 332 దినముల కొకమారు అది కంటికి చక్కగా కనబడును. నడుమ కొన్ని నెలలు దూరదర్శిని లేనిదే కానరాదు.

మీరా వార్ధక్యము నందిన ఎఱ్ఱని మహాతార. అది కమ్మరి కొలిమితిత్తి వలె ఉబ్బుచు కుంగుచుండును. చల్లబడినపుడు దాని పైపొరలలో టైటానియం ఆక్సైడు అణువులు ఏర్పడి, కంటికి కనబడు కాంతిని మ్రింగివేయును. అందుచే చూపునకు వెలుగు వందలరెట్లు తగ్గినట్లు తోచినను, తార విడుచు మొత్తము శక్తి అంతగా తగ్గదు. అందు అధికభాగము కంటికందని పరారుణకిరణములుగా వెలువడును.

తార యుబ్బిన ప్రతిసారియు పైనున్న వాయువులు ఎగజిమ్మబడును. దూరమైన కొలది అవి చల్లారును. వేడి 1000 లేక 1500 డిగ్రీలకు దిగినచోట వాయువులోని కొంత పదార్థము, దీపపు పొగ రేకుపై మసిగా పేరుకొనినట్లు, గట్టిపడి రేణువులగును. కార్బను అధికమైన తారల చుట్టు నిజముగా మసియే పుట్టును. ఆక్సిజను అధికమైన వాని చుట్టు రాతిజాతికి చెందిన సిలికేటు రేణువులు పుట్టును. వెలుగునకు త్రోయుశక్తి కలదనిన వింతగా నుండును. ఎండ మనలను త్రోయుచున్నట్లు మన కెన్నడును తోచదు గదా! కాని అంత చిన్న రేణువునకు ఆ త్రోపే చాలును. అది వెలుపలికి పరుగిడుచు చుట్టునున్న వాయువును గూడ సెకనుకు 5 మొదలు 20 కిలోమీటర్ల వేగమున వెంటగొనిపోవును. తారను చుట్టిన ధూళివాయుకవచ మిట్లేర్పడును.

కవచము మరీ దట్టమైనచో తారయే మరుగుపడును. సింహరాశిలో సి. డబ్ల్యు. లియోనిస్ అను తార యున్నది. మామూలు కాంతిలో అది మిక్కిలి మసక. 1960 తరువాత పరారుణకిరణములతో ఆకాశమును గాలించిన శాస్త్రజ్ఞులకు మాత్రము అది అత్యంత ప్రకాశవంతములలో నొకటిగా కనబడెను. ధూళి మ్రింగిన వెలుగు నశింపలేదు. రేణువులను వేడిచేసి, వేడిమిగా వెలువడుచున్నది. బేగంపేట పరిశీలకుని కన్ను ఎంత నిశితమైనను దీనిని చూడజాలదు.

ఆర్ద్ర కార్తె రైతుబిడ్డల కెరుకయే. ఆ ఆర్ద్రా నక్షత్రము, అనగా బెటెల్జూస్, 2019 చివర మసకబారసాగి 2020 ఫిబ్రవరి నాటికి సగముకంటె తక్కువ వెలుగునకు దిగెను. అది ప్రేలిపోవునేమో యని పలువురు తలచిరి. తార తానే విసరిన వాయువు చల్లారి, ధూళిమేఘమై, మనకెదురుగా అడ్డువచ్చెనని తరువాతి పరిశోధనలు సూచించినవి. దాని ఉపరితలము కొంత చల్లబడుటయు తోడయ్యెనందురు. కొన్ని నెలలలో అది మరల తేరుకొనెను.

మీరాకు అట్టి తేరుకొనుట లేదు. అది విడిచిన పదార్థము మరల దానిని చేరదు. గాలెక్స్ అను కృత్రిమోపగ్రహము అతినీలలోహితకాంతిలో తీసిన చిత్రములలో మీరా వెనుక తోకచుక్కకున్నట్లు ఒక తోక కనబడెనని 2007లో ప్రకటించిరి. దాని పొడవు 13 కాంతిసంవత్సరములు. అంతరిక్షమున పరుగిడుచు మీరా గడచిన 30,000 సంవత్సరములుగా విడుచుచు వచ్చిన పదార్థమే అది.