కెమెరా నిలిచిన చోటు – టెలివిజన్‌లో క్రీడాదర్శనము

మైదానమున కూర్చుండి ఆట చూచువానికి చూపు తనది. టెలివిజన్ ముందు కూర్చుండువానికి చూపు మఱియొకనిది. కెమెరా ఏ దిక్కున, ఎంత యెత్తున నిలువవలెనో, ఏ చిత్రము తరువాత ఏ చిత్రము రావలెనో ముందే నిర్ణయమైయుండును. కావున మనకు లభించుచున్నది ఒకరు ఎన్నుకొని చూపిన ఆట. ఈ భేదమును క్రికెట్టు ఆధారముగా కొంత విచారింతము.

1977లో ఆస్ట్రేలియాలో కెర్రీ ప్యాకర్ ఆరంభించిన పోటీలకు పూర్వము ప్రధాన కెమెరా సాధారణముగా మైదానమున కొక కొసనే యుండెడిది. అందుచే ఒక ఓవరు బౌలరు వెనుకనుండియు, మఱుసటి ఓవరు బ్యాట్స్‌మన్ వెనుకనుండియు కనబడెడిది. ప్యాకర్ పోటీలలో రెండు కొసలను కెమెరాలు నిలిచినవి. ఆ పద్ధతి క్రమముగా అంతటను వ్యాపించెను. దీనివలన బంతి యే వైపునకు తిరిగినదో చక్కగా తెలియును. కాని దూరమునుండి చూచు కటకము ముందువెనుకలను దగ్గఱకు చేర్చును. 22 గజముల పిచ్ కొలది అడుగులదిగా తోచును. బంతి వేగమును, లేచిన యెత్తును గ్రహింపవలెనన్న ప్రక్కనుండియే చూడవలెను.

1992 నవంబరులో డర్బన్ టెస్టునందు సచిన్ తెండూల్కర్ రనౌటని తీర్పు చెప్పినది టెలివిజన్ చిత్రములు చూచిన మూడవ అంపైరు. టెస్టు క్రికెట్టున అట్టి తీర్పునకు అదియే ఆది. క్రీజుగీతకు సరియైన వరుసలో కెమెరా యున్నచో రనౌటును నమ్మకముగా తేల్చవచ్చును. నేలకు సమీపమున పట్టిన క్యాచి యట్లు కాదు. బంతి క్రిందనున్న వ్రేళ్లును, వాని ముందు వెనుకల గడ్డియు చిత్రములో ఒకే తలమున అదుముకొనిపోవును; పట్టిన బంతియు నేల తాకినట్లే కనబడును. 2023 జూన్ 10న లండను ఓవల్ మైదానమున కామెరాన్ గ్రీన్ పట్టిన క్యాచికి శుభ్‌మన్ గిల్ ఔటని మూడవ అంపైరు నిర్ణయించినపుడు అనేకులు కాదనిరి. అంతకుముందు ఇట్టి సందేహమున మైదానమందలి అంపైరు తన అభిప్రాయము తెలుపు ఆచారముండెను. ఆ జూన్ నెలనుండియే అది తొలగింపబడినది. భారము చిత్రముపైననే పడినది.

ఆ భారమెట్టిదో నేను చందాపురలో మా విద్యార్థుల ఆటయందు ఎఱిగితిని. అంపైరుగా నేనే నిలిచితిని. ఒక బాలుడు నేలకు వంగి క్యాచి పట్టెను, ఔటంటిని. మైదానపుటంచుననుండి ఫోనుతో తీసిన చిత్రమును తక్కినవారు తెచ్చి చూపిరి. అందు బంతి గడ్డిని తాకినట్లుండెను. నా కన్నును కాదని, చిత్రమును నమ్మి తీర్పు మార్చితిని. అబద్ధికుడని పేరుపడిన యా బాలుడు వారము దినములు ఆటకు రాలేదు.

తరువాత సందేహము కలిగి, బంతిని వ్రేళ్లపై నుంచుకొని, చేయి గడ్డిపై నాన్చి, మేడమీదనుండి ఒకటియు, ప్రక్కన నేలమట్టమునుండి మఱియొకటియు చిత్రములు తీయించితిని. మొదటిదానిలో బంతి నేల తాకియున్నది. రెండవదానిలో బంతి క్రింద నా వ్రేళ్లు స్పష్టముగా నున్నవి. తరగతిలో రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూపితిని. ఎవరును మాటాడలేదు. ఆ బాలుని అందఱి యెదుట క్షమింపుమని కోరితిని.

చిత్రమును త్రోసిపుచ్చుమని నా వాదము కాదు. ఎదుటనున్నది సత్యమా యని యడుగుటకు ముందు, కెమెరా యెచ్చట నిలిచినదని యడుగుట మన పిల్లలకు నేర్పవలసియున్నది.