మందే మచ్చ పెడితే: చర్మ లింఫోమా చికిత్సలో రెండో క్యాన్సర్ భయం

చర్మంలో పుట్టే లింఫోమాల్లో ఎక్కువగా కనిపించేది మైకోసిస్ ఫంగాయిడిస్. టి-లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు చర్మంలో చేరి, అదుపు తప్పి పెరగడమే ఈ జబ్బు. 1806లో ఫ్రెంచి వైద్యుడు అలిబేర్ దీన్ని మొదట వర్ణించాడు. మచ్చల దశలోనే పట్టుబడితే చాలామంది దశాబ్దాలు బతుకుతారు. చికిత్స కూడా అన్నేళ్లూ సాగుతుంది. చిక్కంతా అక్కడే.

తొలిదశలో పేరుపడ్డ వైద్యం పూవా. సోరాలెన్ మాత్ర మింగిన సుమారు రెండు గంటలకు రోగిని నిలువు దీపాల పెట్టెలో నిలబెట్టి, ఒంటిమీద అతినీలలోహిత-ఎ కిరణాలు పడనిస్తారు. మన దగ్గర బొల్లికి వాడుతూ వచ్చిన బావంచాల గింజల్లో ఉన్నదీ సోరాలెనే. కిరణం తగలగానే ఆ మందు డీఎన్ఏ రెండు పోగులనూ కలిపి కుట్టేస్తుంది. లింఫోమా కణం చస్తుంది. పక్కనున్న మంచి కణం ఆ దెబ్బను సరిచేసుకోవడంలో తడబడితే మాత్రం తప్పు అందులోనే ఉండిపోతుంది. అది ఎన్నో ఏళ్లకు స్క్వేమస్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్‌గా బయటపడవచ్చు.

దీనికి గట్టి సాక్ష్యం సోరియాసిస్ రోగుల నుంచి వచ్చింది. 1975-76లో అమెరికాలోని 16 కేంద్రాల్లో పూవా తీసుకున్న 1,380 మందిని దశాబ్దాలపాటు గమనించారు. విడతలు పెరిగేకొద్దీ ఈ క్యాన్సర్ పెరిగింది. మగవాళ్లలో జననాంగాల మీదా వచ్చింది. పెట్టెలోకి వెళ్లేటప్పుడు ఆ భాగాన్ని కప్పడం అందుకే. అయితే వాళ్లలో కొందరు తారు పూతలు, మెథోట్రెక్సేట్ కూడా వాడారు కాబట్టి నేరమంతా పూవాదే అనలేం.

ఈ లింఫోమాకు చర్మంపై రాసే నైట్రోజన్ మస్టర్డ్ మందు విషయమూ ఇంతే: క్యాన్సర్ వచ్చినవారిలో చాలామంది అంతకుముందు వేరే చికిత్సలూ చూసినవారే. ఒళ్లంతా ఇచ్చే ఎలక్ట్రాన్ కిరణాలను పూర్వం 36 గ్రే (కిరణాల మోతాదు కొలమానం) దాకా ఇచ్చేవారు. ఇప్పుడు చాలాచోట్ల 12 గ్రేతో ఆపుతున్నారు. అవసరమైతే మళ్లీ ఇచ్చేందుకు వీలుంటుంది. పలుచని మచ్చలకు 311 నానోమీటర్ల నారోబ్యాండ్ అతినీలలోహిత-బి (యూవీబీ) కిరణాలు చాలు. దానితో చెప్పుకోదగ్గ ముప్పు ఇంతవరకు తేలలేదు.

నల్లని చర్మంలోని మెలనిన్ కొంత కాపాడుతుంది. అంతమాత్రాన విడతల లెక్క రాసుకోకపోవడం తెలివి కాదు, ఎందుకంటే ఆసుపత్రి మారితే పాత మోతాదు కొత్త డాక్టరుకు తెలియదు. ఏళ్లుగా చికిత్సలో ఉన్న ఒంటిమీద కొత్తగా గట్టి బుడిపె లేచినా, మానని పుండు పడినా అది పాత లింఫోమా ముదరడమా, కొత్త క్యాన్సరా అన్నది కంటికి అందదు. చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తేనే తేలుతుంది. మొదటిదైతే లింఫోమా మందు మార్చాలి, రెండోదైతే చాలావరకు కోసి తీసేయాలి.