వేసవిలో ఎరచేపల సంరక్షణము

శ్రీశైల జలాశయము తగ్గి సంగమేశ్వరాలయము నీటినుండి బయటపడు వేసవి దినములలో, నందికొట్కూరు ప్రాంతపు రైతులు కొందఱు పొలము పనులు లేనందున గాలములు చేతబట్టి ముచ్చుమర్రి వైపు పోవుచుందురు. వారికది కాలక్షేపము కావచ్చును గాని, ఒడ్డున కాపురముండు మత్స్యకారులకు ఆ రాత్రి గాలమే మఱునాటి బియ్యము. కొఱ్ఱమీను కదలెడు ప్రాణిమీదనే ఉఱుకును. కావున ఎర ప్రాణముతో నుండవలెను. అట్టి ఎరచేపలు పూట గడవక మునుపే తెల్లబడి తేలుచున్నవని మాతో చెప్పుకొన్న సభ్యులు పెక్కండ్రు. ఎండ చంపినదని వారందురు. ఎండ కొంత నిజమే కాని, అసలు చంపునది గాలి కఱవు.

ఈ సంగతి మేము తెలిసికొన్నది పుస్తకము వలన గాదు. ఒక వేసవిలో మేము కర్నూలు కడప కాలువ మడుగులో పట్టిన పరిగెలను రేకు డబ్బాలో అంచువఱకు నీరు నింపి, తొణకకుండ మూత బిగించి, సైకిలు వెనుక కట్టుకొని పోయితిమి. నీరెంత ఎక్కువైన అంత మేలని మా తలంపు. నదియొడ్డున మూత తీయగా అన్నియు చచ్చియుండెను. ప్రక్కనున్న ముసలి జాలరి మమ్ము చూచి, చేపలకు నీరు పోసితిరి గాని గాలి పోయలేదనెను.

చేప మొప్పలతో పీల్చునది నీటిలో కరగియున్న ప్రాణవాయువును. 20 డిగ్రీల వేడిగల లీటరు నీటిలో అది సుమారు 9 మిల్లిగ్రాములు కరగియుండగలదు. 35 డిగ్రీలలో 7 మాత్రమే. మఱియొకవైపు, నీరు పది డిగ్రీలు వేడెక్కినచో చేపకు కావలసిన వాయువు ఇంచుమించు రెట్టింపగును. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారమువంటిదే ఇది. చేపలు తలలు పైకెత్తి నోళ్లు తెరచుచున్నచో అప్పటికే అప్పుల పాలైనవని గ్రహింపవలెను.

సంతలో కొఱ్ఱమీను చారెడు నీళ్లలో దినమంతయు బ్రదికియుండుట చూచి పలువురు మోసపోవుదురు. కొఱ్ఱమీను, మార్పుచేప పైకి వచ్చి బయటి గాలిని నేరుగా పీల్చుకొనగలవు. పరిగెకు, బెడిసకు ఆ భాగ్యము లేదు.

కావున మొదట సంఖ్య తగ్గింపుడు. వ్రేలెడు చేపలైనచో వేసవిలో లీటరుకు రెండింటికి మించి వేయము. నూఱు వేసి పది మిగుల్చుకొనుటకంటె ఇరువది వేసి ఇరువదియు దక్కించుకొనుట లాభము. మంటికుండ శ్రేష్ఠము, అది చెమర్చుచు నీటిని చల్లబఱచును. తడిగోనె చుట్టిన మఱింత మేలు. అయితే కుండను మెడవఱకు నింపరాదు. కడుపు వెడల్పుగానున్నచోటికే నింపినచో నీటికి గాలి తగులు వైశాల్యము హెచ్చగును. మూతకు బదులు పలుచని గుడ్డ కట్టుడు. రాగి బిందె వలదు. రాగి చేపకు విషము. పురుగుమందు డబ్బాను ఎన్నిసార్లు కడిగినను ఈ పనికి, ఆ మాటకు వచ్చిన మఱి ఏ పనికిని, వాడరాదు.

కుళాయి నీటిలోని క్లోరిను చేపలను చంపును. బోరునీటిలో తఱచుగా ప్రాణవాయువు తక్కువ. కొంతసేపు ఎత్తునుండి పోసి తిరుగబోసి వాడవలెను. చేపలను పట్టినచోటి నీరే అన్నిటికంటె మంచిది. దారిలో నీరు మార్చవలసివచ్చినచో మూడవవంతు మాత్రమే తీసి, క్రొత్తనీటిని మెల్లగా పోయుడు. మంచుగడ్డను నీటిలో వేయుట కొందఱి తొందరపాటు. వేడినుండి ఒక్కసారిగా చలికి పోయిన చేప కొయ్యబాఱును. అంతగా కావలసినచో మంచును సీసాలో మూసి నీట నుంచవచ్చును. ఇప్పుడు బ్యాటరీతో నడచు చిన్న గాలి పంపులు దొరకుచున్నవి. కొనలేనివారు గంటెతో నీటిని పైకెత్తి పోయుచుండినను సాగును.

వంగదేశములో చేపపిల్లల వర్తకులు పూర్వము మంటికుండలను రైలులో తీసికొనిపోవుచు దారిపొడుగున చేతితో కదలించుచునే యుండెడివారు. ఆ కదలికతోనే గాలి నీటిలో కలియును. నేడు పిల్లలను ప్లాస్టికు సంచిలో మూడవవంతు నీరు, తక్కినది ప్రాణవాయువు నింపి పంపుదురు. మన జిల్లాకును ఈ విద్య క్రొత్తది గాదు: 1911లో సుంకేసుల యొద్ద చేపల పెంపకపు క్షేత్రము నెలకొల్పబడినది. అప్పటి మద్రాసు రాజధానిలో మత్స్యశాఖకు పునాది వేసిన ఫ్రెడరిక్ నికల్సన్ గారే, 1895, 1897 సంవత్సరములలో వెలువడిన తమ నివేదికతో మన పరపతి సంఘములకును దారి చూపిరి. మన సంఘసభ్యులకు చేపల విషయ మేలయని ఆక్షేపించువారికి ఇదియే మా జవాబు.

ఒక మాట మిగిలినది. సాయంకాలము మిగిలిన ఎరచేపలను దయతలచి దగ్గఱి చెఱువులో వదలుట పరిపాటి. వేఱొకచోటి చేపతో వేఱొకచోటి రోగమును వచ్చును. నిషేధింపబడిన ఆఫ్రికా మార్పుచేప పిల్ల యొక్కటి అందులో కలిసియున్నచో, సంఘము డబ్బుతో వదలిన పిల్లలన్నియు దానికి మేతయగును. మిగిలినవానిని పట్టిన మడుగులోనే తిరిగి వదలుడు, లేదా ఇంటికి తెచ్చి పులుసు పెట్టుడు.