టిఫిన్ మానేసి టీతో సరిపెడుతున్నారా?

బోధన్‌లో బస్సెక్కి నిజామాబాద్‌లో దిగాలి. మళ్లీ ఇంకో బస్సు పట్టుకుని డిచ్‌పల్లిలోని తెలంగాణ యూనివర్సిటీకి చేరాలి. ఈ హడావుడిలో ముందు ఎగిరిపోయేది టిఫినే. బదులుగా టీ, మధ్యాహ్నం కూల్‌డ్రింక్, అర్ధరాత్రి దాకా ఫోను. 'ఇరవై ఏళ్లకే షుగరేంటి?' అంటారా?

ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం (2023) ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. ప్రభుత్వం చేసే బీపీ, షుగర్ పరీక్షలు ప్రధానంగా 30 ఏళ్లు దాటినవారికే. అంటే మీ జాగ్రత్త మీదే!

చక్కెర: రోజుకు 25 గ్రాముల లోపైతే మేలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. చాలా కూల్‌డ్రింకుల్లో పావు లీటరుకే దాదాపు అంత ఉంటుంది.

టిఫిన్: తినే తీరిక లేదా? ఉడకబెట్టిన గుడ్డు, అరటిపండు, గుప్పెడు పల్లీలు బ్యాగులో పెట్టుకోండి.

నడక: రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు. ఒక స్టాప్ ముందే దిగినా లెక్కలోకి వస్తుంది.

నిద్ర: కనీసం ఏడు గంటలు. పరీక్షలప్పుడూ అంతే.

అమ్మానాన్నల్లో ఎవరికైనా షుగరుంటే, మీ బరువు ఎక్కువైతే ఒకసారి పరగడుపున పరీక్ష చేయించుకోండి. 100 లోపుంటే సరే. 100-125 మధ్య వస్తే భయపడొద్దు, డాక్టర్ని కలవండి. అలవాట్లు మార్చుకుంటే వెనక్కి తగ్గే దశే అది.