గది బాగుందా అంటే ఏం రాయాలి?

దుబాయ్‌లో సోనాపూర్ తెలియని మనవాళ్లు ఉండరు. హిందీలో ఆ మాటకు బంగారు పట్నమని అర్థం. మ్యాపులో మాత్రం ముహైస్నా 2 అని ఉంటుంది.

ఆ మధ్య కంపెనీవాళ్లు గదులు ఎలా ఉన్నాయో రాయించుకు రమ్మని గుమాస్తాలమైన మాకు కాగితాలిచ్చి క్యాంపుకు పంపారు. ఏ గదిలో అడిగినా ఒకటే మాట: "బాగుందనే రాయుండ్రి సార్." క్యాంప్ బాస్ గుమ్మంలోనే నిలబడితే ఇంకేం చెబుతారు? ఆయన వెళ్లాక, చాయ్ తాగుతుంటే అసలు సంగతులు బయటికొచ్చాయి. తెల్లవారుజామున నాలుగింటికే బాత్రూం ముందు వరస. ఒక్క స్టవ్ దగ్గర మూడు గదులవాళ్లు. ఎండాకాలం ట్యాంకు నీళ్లు పోసుకుంటే ఒళ్లు కాలుతుంది.

అయినా కరీంనగర్ వైపు పెద్దాయన ఒకరు గది మారనంటే మారనన్నారు. "జ్వరమొస్తే గంజి కాచిచ్చే పోరగాళ్లు ఈడనే ఉన్నరు" అన్నారు. ఆ మాట రాయడానికి మా కాగితంలో గడి లేదు.

యుఏఈ నిబంధనల ప్రకారం మనిషికి కనీసం 3 చదరపు మీటర్ల జాగా ఉండాలి. ఆయన గదిని టేపు పెట్టి కొలిచాం. 27 వచ్చింది, అంటే 9 మందికే సరి. ఉన్నది 12 మంది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు బాగుందనే చెప్పండి, మేమూ అదే చెబుతాం. కాగితం మీద మాత్రం ఉన్నదున్నట్టు రాయించండి. మేం ఎవరి పేరూ లేకుండా ఆ లెక్క రాసిచ్చాం. నెల తిరక్కముందే రెండు మంచాలు తీశారు. ఇంకొకటి తీయాల్సి ఉంది.